క్లాసిక్ స్పోర్ట్స్ కారుకు చక్రాలు, టైర్ల సైజుల ఎంపిక

పాత స్పోర్ట్స్ కారును నడిచే స్థితిలో ఉంచుకునే ప్రతి యజమానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సాంకేతిక నిర్ణయం చక్రాలు, టైర్ల సైజుల ఎంపిక. కారుతో వచ్చిన సైజు టైర్లు బజారులో దొరక్కపోవచ్చు. పాత రిమ్ములు తుప్పు పట్టి ఉండొచ్చు. లేదా యజమానికి కాస్త వెడల్పాటి టైర్లు వేసుకోవాలని ఉండొచ్చు. కారణం ఏదైనా, మార్చే ప్రతి అంకె మరికొన్నిటిని కదిలిస్తుంది: గేర్ల నిష్పత్తి, స్పీడోమీటరు రీడింగు, స్టీరింగు బరువు, బేరింగుల మీద పడే భారం, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మిగిలే ఖాళీ. 1950ల నుంచి 1970ల దాకా తయారైన తేలికపాటి కార్లకు సంబంధించినంత వరకు మొదట టైరు వ్యాసం, తర్వాత రిమ్ము, అన్నిటికన్నా చివర వెడల్పు చూడడం సరైన వరస. చాలామంది దీన్ని తలకిందులు చేసి, వెడల్పుతో మొదలుపెడతారు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

ఈ వ్యాసంలో ప్రధాన ఉదాహరణ బ్రిటిష్ కారు ఎంజీబీ. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్ ఫ్యాక్టరీలో ఐదు లక్షలకు పైగా తయారైన కారు ఇది. ఆ కాలంలో చక్రాల తయారీలోనూ టైర్ల తయారీలోనూ వచ్చిన దాదాపు ప్రతి మార్పూ దీని మీదుగానే సాగింది. తెలుగువాళ్లకు మరో పరిచయం కూడా ఉంది: దీని 1798 సీసీ ఇంజను, మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజను ఒకే బీఎంసీ బీ-సిరీస్ కుటుంబానివి.

సైడ్‌వాల్ మీది అంకెలు

పాత హ్యాండ్‌బుక్కుల్లో మూడు తరాల రాతలు కనిపిస్తాయి. మొదటిది 5.60-14 తరహా. టైరు వెడల్పు 5.60 అంగుళాలు, రిమ్ము వ్యాసం 14 అంగుళాలు అని దీని అర్థం. అంబాసిడర్ టైరు మీద ఉండే 5.90-15 కూడా ఇదే పద్ధతి. ఈ క్రాస్‌ప్లై టైర్ల ఎత్తు, వెడల్పులో దాదాపు 95 శాతం ఉండేది. రెండోది 165 ఎస్‌ఆర్ 14 తరహా. వెడల్పు మిల్లీమీటర్లలోకి మారింది, రిమ్ము మాత్రం అంగుళాల్లోనే ఉండిపోయింది. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని, హెచ్ అంటే 210 దాకా అని, వి అంటే అప్పట్లో 210కి పైన అని. ఆర్ అంటే రేడియల్. ఎత్తు శాతం రాయలేదంటే 80 లేదా 82 అనుకోవాలి. మూడోది నేటికీ వాడుతున్నది: 185/70 ఆర్ 14 88 టీ. వెడల్పు 185 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 70 శాతం, చివరి 88 అంటే ఒక్కో టైరు 560 కిలోల దాకా మోస్తుందని, టీ అంటే 190 కిలోమీటర్ల వేగానికి సరిపోతుందని. అమెరికన్ పద్ధతిలో రాసిన ఈ70 వీఆర్ 15 వంటి సైజు జాగ్వార్ ఈ-టైప్ మూడో సిరీస్ కార్ల మీద ఉంటుంది. అందులో తొలి అక్షరం వెడల్పును కాకుండా మోసే బరువు తరగతిని చెబుతుంది.

వీటిని పోల్చాలంటే అన్నిటినీ వ్యాసంలోకి మార్చుకోవాలి. 165/80 ఆర్ 14నే తీసుకుందాం. 165లో 80 శాతం 132 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 264. రిమ్ము 14 అంగుళాలంటే 355.6 మిల్లీమీటర్లు. మొత్తం 619.6. ఇదే లెక్కలో 185/70 ఆర్ 14 వ్యాసం 614.6 మిల్లీమీటర్లు, 195/60 ఆర్ 14 వ్యాసం 589.6, 185/65 ఆర్ 15 వ్యాసం 621.5. తయారీదారును బట్టి అసలు టైరు కొద్దిగా పెద్దదో చిన్నదో అయినా, కొనే ముందు సైజులను వడపోయడానికి ఈ లెక్క చాలు.

క్రాస్‌ప్లై నుంచి రేడియల్‌కు

మిషెలిన్ సంస్థ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుని, 1949లో ఎక్స్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. స్పోర్ట్స్ కార్లు దానికి అలవాటు పడడానికి మాత్రం మరో పదిహేనేళ్లు పట్టింది. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ కూడా 6.40-15 సైజు డన్‌లప్ క్రాస్‌ప్లై టైర్ల మీదే బయటికొచ్చింది. ఆ తర్వాత 185 వెడల్పు రేడియల్‌కు మారింది.

ఈ మార్పు ఎంపికను ఎలా ప్రభావితం చేస్తుందంటే, క్రాస్‌ప్లై టైరులో తాళ్ల పొరలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ సాగుతాయి. మలుపులో టైరు బాగా మెలితిరుగుతుంది, పట్టు నెమ్మదిగా వదులుతుంది. డ్రైవరుకు ముందే తెలుస్తుంది. రేడియల్ టైరులో తాళ్లు అంచు నుంచి అంచుకు నేరుగా వెళ్తాయి, ట్రెడ్డు కింద గట్టి పట్టీ ఉంటుంది. సైడ్‌వాల్ వంగినా ట్రెడ్డు నేల మీద పరుచుకునే ఉంటుంది. పట్టు ఎక్కువ, మన్నిక ఎక్కువ. కానీ పట్టు వదిలే క్షణం మరింత హఠాత్తుగా వస్తుంది. క్రాస్‌ప్లైకి తగ్గట్టు రూపొందించిన సస్పెన్షన్‌కు సన్నటి రేడియల్ వేస్తే కారు మెరుగుపడుతుంది. వెడల్పాటి, పొట్టి సైడ్‌వాల్ ఉన్న రేడియల్ వేస్తే ఆ సస్పెన్షన్ ఊహించని బలాలు వచ్చి పడతాయి.

రెండు రకాలనూ కలపడం ప్రమాదం. ఒకే ఇరుసు మీద ఒకటి రేడియల్, ఒకటి క్రాస్‌ప్లై వేయడాన్ని, ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై వేయడాన్ని బ్రిటిష్ చట్టం నిషేధించింది. ముందు చక్రాలు పట్టు నిలుపుకుని వెనకవి జారితే కారు అడ్డంగా తిరిగిపోతుంది.

ఎంజీబీ చక్రాల కథ

ఎంజీ కార్ల చరిత్రలో రిమ్ము వ్యాసం తగ్గుతూ వచ్చింది. 1945లో వచ్చిన టీసీ మోడలుకు 19 అంగుళాల సన్నటి స్పోక్ చక్రాలు. తర్వాతి టీడీకి 15 అంగుళాలు. 1955 నాటి ఎంజీఏకి కూడా 15. ఎంజీబీకి వచ్చేసరికి 14. ఆనాటి ఇంజనీర్లు కారును కిందికి దించడానికీ, చక్రం బరువు తగ్గించడానికీ ఇలా చేశారు. నేటి యజమానులు మళ్లీ 15, 16 అంగుళాల రిమ్ముల వైపు వెళ్తున్నారు.

తొలి ఎంజీబీకి 4 అంగుళాల వెడల్పు స్టీలు రిమ్ములు, లేదా డబ్బు ఎక్కువ పెట్టేవాళ్లకు 4.5 అంగుళాల స్పోక్ చక్రాలు ఉండేవి. టైరు 5.60-14 క్రాస్‌ప్లై. అదనపు ఎంపికగా 155 వెడల్పు రేడియల్ దొరికేది. 1965లో జీటీ రూపం వచ్చాక, తర్వాతి మోడళ్లలో 165 వెడల్పు రేడియల్ స్థిరపడింది. 1970 మోడళ్ల నుంచి రోస్టైల్ అనే నొక్కుడు స్టీలు చక్రాలు వచ్చాయి. వాటి రిమ్ము వెడల్పు 5 అంగుళాలు. 1973 నుంచి 1976 దాకా రోవర్ 3.5 లీటర్ల వి8 ఇంజనుతో తయారైన జీటీకి అల్యూమినియం మధ్యభాగం, స్టీలు అంచు కలిపిన ప్రత్యేక చక్రాలు, 175 హెచ్‌ఆర్ 14 టైర్లు అమర్చారు. అంటే ఇంజను బలం దాదాపు ఒకటిన్నర రెట్లయినా కంపెనీ టైరు వెడల్పును పెంచింది పది మిల్లీమీటర్లే. ఇప్పుడు ఎంజీబీకి టైర్లు వెతికేవాళ్లు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే చాలు, సగం పొరపాట్లు తప్పుతాయి.

నేటి ఎంపికలు ఇలా ఉంటాయి. 165/80 ఆర్ 14 వేస్తే కారు దాని రూపకర్తలు అనుకున్నట్టే నడుస్తుంది. పార్కింగులో స్టీరింగు తేలికగా తిరుగుతుంది, వాన నీళ్లను టైరు బాగా చీల్చుకుపోతుంది. 185/70 ఆర్ 14 వేస్తే వ్యాసం ఐదు మిల్లీమీటర్లే తగ్గుతుంది, పొడి రోడ్డు మీద పట్టు కొంత పెరుగుతుంది, పవర్ స్టీరింగు లేని ర్యాక్ అండ్ పీనియన్ కాబట్టి చేతులకు పని పెరుగుతుంది. రోస్టైల్ రిమ్ము దీన్ని భరిస్తుంది. 4 అంగుళాల తొలి స్టీలు రిమ్ము భరించదు. 195/60 ఆర్ 14 చూడ్డానికి బాగుంటుంది కానీ కారును 15 మిల్లీమీటర్లు కిందికి దించుతుంది. ఎంజీబీ ఎగ్జాస్టు గొట్టం అసలే నేలకు దగ్గరగా ఉంటుంది, స్పీడ్‌బ్రేకరు మీద ఆ తేడా వినిపిస్తుంది.

గేరింగు లెక్క కూడా చూడాలి. ఎంజీబీ వెనక ఇరుసు నిష్పత్తి 3.909. 165/80 టైర్లతో టాప్ గేరులో ఇంజను వెయ్యి చుట్లకు కారు వేగం గంటకు సుమారు 29 కిలోమీటర్లు. 100 కిలోమీటర్ల వేగంలో ఇంజను దాదాపు 3,450 చుట్లు తిరుగుతుంది. 195/60కి మారితే అదే వేగానికి 3,600 దాటుతుంది. హైవే మీద గంటలు గంటలు నడిపేవాళ్లకు అది చెవులకు తెలిసే తేడా, పెట్రోలు ఖర్చు కూడా. స్పీడోమీటరు దాదాపు ఐదు శాతం ఎక్కువ చూపిస్తుంది: ముల్లు 100 మీద ఉంటే అసలు వేగం 95. వ్యాసంలో తేడా రెండు శాతం లోపల ఉంచుకోగలిగితే వీటిలో దేన్నీ పట్టించుకోనక్కర్లేదు.

15 అంగుళాలకు మారాలనుకునేవాళ్లకు 185/65 ఆర్ 15 చక్కగా కుదిరే సైజు. వ్యాసంలో తేడా రెండు మిల్లీమీటర్లే. మన దేశంలో దీనికి కళ్లముందే సాక్ష్యం ఉంది. మారుతీ సుజుకీ స్విఫ్ట్‌కు చాలా ఏళ్ల పాటు కింది వేరియంట్లలో 165/80 ఆర్ 14, పై వేరియంట్లలో 185/65 ఆర్ 15 టైర్లు వేశారు. రిమ్ము పెరిగినా మొత్తం వ్యాసం మారకుండా చూశారు. ఎంజీబీ యజమాని చేయాల్సిన లెక్క కూడా అదే. పైగా, అరవై ఏళ్ల కిందటి బ్రిటిష్ కారుకు సరిపడే రెండు సైజులూ మన ఊళ్లో మామూలు టైర్ల షాపులో దొరుకుతాయన్నమాట. వేగం గుర్తునూ బరువు సూచికనూ చూసుకుని తీసుకుంటే, కనీసం నడిపే టైర్ల విషయంలో విదేశాల నుంచి తెప్పించుకునే అవసరం ఉండదు. నాటి ట్రెడ్డు రూపం కావాలనుకునేవాళ్లకు మిషెలిన్, పిరెల్లీ, వ్రెడెస్టీన్ వంటి సంస్థలు క్లాసిక్ శ్రేణులు తయారుచేస్తున్నాయి. వీటిలో వ్రెడెస్టీన్‌ను 2009లో మన అపోలో టైర్స్ కొనుగోలు చేసింది.

రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్

టైరు ఏ వెడల్పు రిమ్ము మీద కూర్చోవాలో యూరోపియన్ టైర్ అండ్ రిమ్ టెక్నికల్ ఆర్గనైజేషన్ ప్రమాణాలు నిర్ణయిస్తాయి. 165/80కి 4 నుంచి 5.5 అంగుళాలు, 185/70కి 4.5 నుంచి 6, 195/60కి 5.5 నుంచి 7. రిమ్ము మరీ ఇరుకైతే టైరు ఉబ్బి, ట్రెడ్డు మధ్యలోనే అరుగుతుంది, మలుపుల్లో కారు పక్కకు ఊగిసలాడుతుంది. మరీ వెడల్పైతే సైడ్‌వాల్ బయటికి సాగి, గుంతలో పడినప్పుడు రిమ్ము అంచును కాపాడలేదు.

ఆఫ్‌సెట్ అంటే రిమ్ము నడిమి గీతకూ, హబ్బుకు ఆనుకునే ముఖానికీ మధ్య దూరం. ఇక్కడ జరిగే పొరపాటు పైకి కనిపించదు. 5 అంగుళాల రిమ్ము తీసి, అదే ఆఫ్‌సెట్ ఉన్న 6 అంగుళాల రిమ్ము వేస్తే లోపలికి 12.7, బయటికి 12.7 మిల్లీమీటర్లు పెరుగుతాయి. లోపలివైపు స్ప్రింగు, బ్రేకు పైపు ఉంటాయి. బయటివైపు మడ్‌గార్డు అంచు ఉంటుంది. చక్రాన్ని బయటికి జరిపితే స్టీరింగు ఇరుసు గీత నుంచి టైరు నడిమి భాగం దూరమై, గతుకు రోడ్డు మీద స్టీరింగు చేతిలో లాగుతుంది, బయటి బేరింగు మీద భారం పెరుగుతుంది. బోల్టుల వృత్తం కుదిరినంత మాత్రాన చక్రం సరిపోయినట్టు కాదు. ఎంజీబీకి, జపాన్ డాట్సన్ 240జెడ్‌కి రెంటికీ నాలుగు బోల్టులు, 114.3 మిల్లీమీటర్ల వృత్తం. ఆఫ్‌సెట్, మధ్య రంధ్రం మాత్రం వేరువేరు. అల్లాయ్ చక్రం మధ్యభాగం స్టీలు కంటే మందం కాబట్టి పొడవాటి స్టడ్డులు, దానికి తగిన ఆకారం ఉన్న నట్లు కూడా మార్చాలి. పాత స్టీలు చక్రం నట్లనే బిగించి వదిలేయడం అతి ప్రమాదకరమైన పొదుపు.

ఎంజీబీ వెనక చక్రాల దగ్గర జాగ్రత్తగా కొలవాలి. పట్టీ స్ప్రింగుల మీద వేలాడే ఇరుసు మలుపులో కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఎడమ వెనక చక్రానికి కుడివైపు కంటే ఖాళీ తక్కువ ఉండడం ఈ కారులో యజమానులకు బాగా తెలిసిన లోపం. అందువల్ల కొలత జాకీ మీద లేపి తీసుకుంటే చాలదు. కారు తన బరువు మీద నిలబడి, సీట్లలో ఇద్దరు కూర్చుని ఉండగా, టైరు భుజానికీ మడ్‌గార్డు లోపలి మడత అంచుకూ మధ్య వేలు పెట్టి చూడాలి. ఆ మడత అంచు రేకు కత్తిలా పదునుగా ఉంటుంది, సైడ్‌వాల్‌ను ఒక్కసారి ఒరుసుకుంటే చాలు. అనుమానముంటే ఆ అంచుకు లోపల మెత్తటి మైనం ముద్దలు అంటించి, గతుకుల రోడ్డు మీద ఓ చుట్టు నడిపి వచ్చి, ఏ ముద్ద నలిగిందో చూస్తారు. చేతికి మట్టి అంటే పని. అయినా, ఏ పట్టికా చెప్పలేని జవాబు అందులో ఉంటుంది.

స్పోక్ చక్రాలు

అందంలో వీటికి సాటి లేదు, శ్రమలోనూ లేదు. ఎంజీబీ స్పోక్ చక్రానికి మామూలుగా 60 స్పోకులు. 72 స్పోకుల రకం మరింత గట్టిది. స్పోకుల తలలు రిమ్ములోంచి లోపలికి పొడుచుకుని వస్తాయి కాబట్టి గాలి నిలవదు. ట్యూబు తప్పనిసరి, ట్యూబుకూ స్పోకులకూ మధ్య రబ్బరు పట్టీ కూడా తప్పనిసరి. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేసేటప్పుడు టైరు లోపలి గోడ నునుపుగా ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి. అతికించిన లేబుళ్లు, గరుకు గీతలు ఉంటే అవి ట్యూబును నెలల్లోనే అరగదీస్తాయి. అందుకే స్పోక్ చక్రాలకు టైరు ఎంచుకోవడమంటే ట్యూబు సైజును కూడా ఎంచుకోవడమే.

వెడల్పాటి, పట్టు ఎక్కువున్న టైరు మలుపులో స్పోకుల మీద వేసే బలం వాటి రూపకర్తలు లెక్కించిన దానికంటే ఎక్కువ. స్పోకులు వదులవుతాయి, కొన్నిసార్లు తెగుతాయి. 165 దగ్గరే ఆగడం మంచిది.

స్టీలు చక్రాల కారును స్పోక్ చక్రాలకు మార్చేవాళ్లు మరో విషయం తెలుసుకోవాలి. కంపెనీ స్పోక్ చక్రాలతో ఇచ్చిన ఎంజీబీకి వెనక ఇరుసు, స్టీలు చక్రాల కారు ఇరుసు కంటే ఇరుకు. స్టీలు చక్రాల ఇరుసు మీద బోల్టులతో బిగించే అడాప్టరు పెట్టి స్పోక్ చక్రం తగిలిస్తే చక్రం బయటికి వస్తుంది, పైన చెప్పిన రేకు అంచుకు మరింత దగ్గరవుతుంది.

ముందూ వెనకా వేరే సైజులు

1973 నాటి పోర్షే 911 కరెరా ఆర్‌ఎస్‌కు ముందు 6 అంగుళాల రిమ్ము మీద 185/70, వెనక 7 అంగుళాల రిమ్ము మీద 215/60 టైర్లు వేశారు. ఇంజను వెనక ఇరుసుకు అవతల ఉన్న కారు కాబట్టి అక్కడ వెడల్పు అవసరమైంది. వెనక మడ్‌గార్డులను కూడా దానికోసమే వెడల్పు చేశారు. మామూలు 911 మీద ఆ టైర్లు మాత్రమే వేస్తే ఆ కారు ఆర్‌ఎస్ అయిపోదు. బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా ఉన్న ఎంజీబీ, లోటస్ ఎలాన్ వంటి కార్లకు నాలుగు చక్రాలకూ ఒకే సైజు ఉండడమే సమంజసం.

గాలి, వయసు

ఎంజీబీ రోడ్‌స్టరుకు రేడియల్ టైర్లతో హ్యాండ్‌బుక్కు చెప్పే గాలి ముందు 21, వెనక 24 పౌండ్లు. ఈ అంకె చెబితే మన పంపుల దగ్గర కుర్రాళ్లు నమ్మరు, అలవాటుగా 32 పట్టేస్తారు. తేలికపాటి కారు కింద అంత గాలి ఉంటే టైరు నడిమి భాగమే నేలకు ఆనుతుంది, ప్రతి గులకరాయీ వెన్నుకు తెలుస్తుంది. సైజు మారిస్తే పాత అంకె దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పౌండు పెంచుతూ ట్రెడ్డు అరుగుదల సమానంగా ఉందా అని చూసుకోవాలి.

ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని కార్లలో టైరు అరగకముందే ముసలిదవుతుంది. సైడ్‌వాల్ మీద డాట్ గుర్తు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అంకెలు మూడే ఉంటే ఆ టైరు 2000కు ముందుది, ట్రెడ్డు ఎంత లోతున్నా తీసి పారేయాలి. పదేళ్లు దాటిన టైర్లను భారీ వాహనాల ముందు ఇరుసు మీద వాడడాన్ని బ్రిటన్ 2021లో నిషేధించింది. కార్లకు ఆ నిషేధం లేకపోయినా అదే హద్దు పెట్టుకోవడం ప్రాణానికి మంచిది.

భారతదేశంలో నిబంధనలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. రిమ్ము బాడీ దాటి బయటికి వచ్చేంత మార్పులు తనిఖీల్లో దొరికిపోతాయి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారని వాహనాలను వింటేజ్ తరగతిలో నమోదు చేయించి, నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలు పొందవచ్చు. ఇలా నమోదు చేయించదలచినవాళ్లు కారుతో వచ్చిన అసలు చక్రాలను, తుప్పు పట్టినా సరే, అమ్మేయకుండా అటక మీద దాచుకుని, నడపడానికి వేరే సెట్టు వాడుకుంటే రెండు పనులూ జరుగుతాయి.